మీకు తెలుసా? 1666 నాటి అద్దాల బీరువాలు

గృహోపయోగమునకై అద్దాల తలుపులతో నిర్మింపబడి నేటికిని నిలిచియున్న ఆంగ్లదేశపు పుస్తకాల బీరువాలలో మొట్టమొదటివానిగా పరిగణింపబడునవి, 1666వ సంవత్సరమున, లండను నగరమును దహించిన మహాగ్నికి కొలది వారములకు ముందు, నౌకాదళపుటుద్యోగియు ప్రసిద్ధ దినచర్యాకర్తయు నగు శామ్యూల్ పీప్స్ కొఱకు సింప్సన్ అను వడ్రంగి చేయనారంభించినవే. పుస్తకములు కుర్చీలపై ఒకదానిమీద నొకటిగా పేరుకొనిపోగా, పీప్స్ ఆతనితో కూర్చుండి ఎంతయో శ్రమించి వీని రూపును నిర్ణయించెను. తరువాత చేరినవానితో కలిపి పండ్రెండైన ఈ ఓకుకొయ్య బీరువాలు నేడు కేంబ్రిడ్జిలోని మాడ్లిన్ కళాశాలయందు కలవు.

వానిలోని 3000 గ్రంథములు విషయమును బట్టి గాక ఎత్తును బట్టి, మిక్కిలి చిన్నది మొదలు మిక్కిలి పెద్దది వఱకు, వరుస సంఖ్యలతో అమర్పబడినవి. పొట్టి పుస్తకము ప్రక్కదానితో సమముగా నిలుచుటకై, దాని అట్టను పోలునట్లు తీర్చిన చిన్న కొయ్యపీఠమును అడుగున నుంచిరి. పాత బీరువాను కొనదలచినవారు నగిషీలకన్న ముందుగా అరల యెత్తును కొలుచుకొనవలెనని నా దృఢాభిప్రాయము; పీప్స్ శ్రద్ధయంతయు అచ్చటనే కలదు. ఈ భాండాగారమున ఒక్క పుస్తకమైనను చేర్చుటకుగాని తీసివేయుటకుగాని వీలులేదు. ఆ నియమము తప్పినచో సర్వస్వమును అదే నగరమందలి ట్రినిటీ కళాశాలకు చెందవలెనని ఏర్పాటు.