గేటు దగ్గర టికెట్ అడగని పార్కు

శనివారం వచ్చిందంటే మా ఇంట్లో ఒకటే తంతు. పిల్లలిద్దరూ బూట్లు వేసుకుని తలుపు దగ్గర నిలబడతారు. మా ఆవిడ పులిహోర డబ్బా, మంచినీళ్ల సీసాలు సంచిలో సర్దుతుంది. మా బాపు మాత్రం సోఫాలోంచి కదలడు. "మేమెందుకు బిడ్డా, మీరు పోయి రాండ్రి. ఎక్కనోళ్లకు గూడ టికెట్ అంటె పైసలు దండుగ" అంటాడు. అమ్మ కూడా అదే మాట.

న్యూజెర్సీలో, ముఖ్యంగా ఎడిసన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లకు ఈ మాట కొత్తేం కాదు. ఊరి నుంచి అమ్మానాన్నలు ఆర్నెల్ల కోసం వస్తారు. మొదటి నెల నయాగరా, న్యూయార్క్, గుడి అన్నీ చూపిస్తాం. ఆ తర్వాత వాళ్లు అపార్ట్‌మెంట్‌కు, టీవీకి అతుక్కుపోతారు. పిల్లల్ని ఏ పెద్ద పార్కుకో తీసుకెళ్దామంటే, రైడ్లు ఎక్కినా ఎక్కకపోయినా లోపలికి వెళ్లే ప్రతి మనిషికీ టికెట్ కొనాలి. ఆపైన పార్కింగు, లోపల తిండి. ఆరుగురికి లెక్కేస్తే నెల సరుకుల బిల్లు దాటిపోతుంది. అందుకే బాపు "మీరు పోయి రాండ్రి" అన్నప్పుడల్లా నేను పైకి బతిమాలినా, లోపల కొంచెం ఊపిరి పీల్చుకునేవాణ్ణి. ఇది నిజం.

అలాంటి రోజుల్లో ఆఫీసులో ఓ సహోద్యోగి ఓ పార్కు పేరు చెప్పాడు. పెన్సిల్వేనియాలోని ఎలిస్‌బర్గ్ అనే చిన్న ఊరి దగ్గర అడవిలో ఉంది, గేటు టికెట్ లేదు, పార్కింగుకు డబ్బుల్లేవు అన్నాడు. దాని పేరు నోబెల్స్ అనుకునేరు. 'నైఫ్'లో లాగా ఇక్కడ 'కె' మింగెయ్యకూడదు. కెనోబెల్స్ అని పలకాలి. మన నోటికి అదే తేలిక!

ఈతకొలనుతో మొదలు

ఎడిసన్ నుంచి కారులో సుమారు రెండున్నర గంటల దారి. కొండలు దిగి, చెట్ల మధ్యలోకి కారు తిప్పగానే గడ్డి మైదానంలో పార్కింగు. దిగి నడుచుకుంటూ వెళ్తే ఎక్కడ పార్కు మొదలైందో కూడా తెలియదు. కంచె దగ్గర ఆపేవాళ్లు లేరు. రైడ్ ఎక్కాలనుకున్నవాళ్లే టికెట్లు కొంటారు. ఒక్కో రైడ్‌కు ఒక్కో ధర. చూసేవాళ్లు చూస్తారు, బెంచీ మీద కూర్చునేవాళ్లు కూర్చుంటారు. బాపు మూడుసార్లు అడిగాడు, "నిజంగనే మాకు టికెట్ లేదా?" అని.

కెనోబెల్ కుటుంబానిది ఇక్కడ వ్యవసాయం, కలప పని. ఏటి ఒడ్డున చల్లటి నీడ ఉండటంతో చుట్టుపక్కల జనం గుర్రపు బండ్లలో వచ్చి ఈత కొట్టి, వంటలు తిని వెళ్లేవాళ్లట. వచ్చేవాళ్లు ఎక్కువవడంతో ఆ కుటుంబం తినుబండారాలు అమ్మడం మొదలుపెట్టింది. 1926 జూలై 4న ఈతకొలను తెరిచారు. రంగులరాట్నం, హోటల్, కొన్ని ఆటలు దాని వెంట వచ్చాయి. అదే ఈ పార్కు పుట్టుక. తరాలు మారినా నడిపేది ఆ కుటుంబమే. 1972లోనూ, 2011లోనూ ఏరు పొంగి పార్కును ముంచేసింది. బురద కడుక్కుని మళ్లీ తెరిచారు.

చిన్న పార్కు అని తీసిపారెయ్యడానికి లేదు. అరవైకి పైగా రైడ్లున్నాయి. గ్రాండ్ కరోసెల్ అనే రంగులరాట్నం 1913 నాటిది. చేత్తో చెక్కిన 63 గుర్రాలున్నాయి. దీంట్లో ఓ తమాషా ఉంది. బయటి వరుస గుర్రం మీద కూర్చున్నవాళ్లు, రాట్నం తిరుగుతుండగా చెయ్యి చాపి పక్కనున్న గొట్టంలోంచి ఉంగరాలు లాగాలి. అన్నీ మామూలు ఇనుప ఉంగరాలే. ఇత్తడి ఉంగరం దొరికినవాళ్లకు ఇంకోసారి ఉచితంగా ఎక్కే అవకాశం. అమెరికాలో ఒకప్పుడు చాలాచోట్ల ఉన్న ఈ ఆట ఇప్పుడు బహు కొద్ది చోట్లే మిగిలింది.

మా పాపకు ఆరేళ్లు. చెయ్యి అందదని ఏడుపు మొహం పెట్టింది. అమ్మ చీర కుచ్చిళ్లు సర్దుకుని, "పా, నేనొస్త" అని రాట్నం మీదున్న కుర్చీబండిలో కూర్చుంది. వేములవాడ జాతరలో చిన్నప్పుడు ఎక్కిందట. మళ్లీ ఇప్పుడే. నానమ్మ పక్కన ఉండేసరికి పాప ఉంగరం మాట మర్చిపోయింది. దిగాక అమ్మ, "ఎంతైంది బిడ్డా?" అని అడిగింది. చెప్పాను. "గంతేనా? ఇంకోపారి ఎక్కుదాం" అంది. నాలుగు నెలల్లో అమ్మ తనకోసం ఏదైనా అడగడం అదే మొదలు.

కర్ర మాట్లాడతది

పార్కు మధ్యలో ఫీనిక్స్ అనే చెక్క రోలర్ కోస్టర్ ఉంది. దీని కథ వింటే ఆ పేరెందుకు పెట్టారో తెలుస్తుంది. దీన్ని 1940ల చివర్లో టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో కట్టారు. అక్కడి పార్కు 1980లో మూతపడింది. పనికిరాదని వదిలేసిన ఆ కోస్టర్‌ను కెనోబెల్స్ వాళ్లు కొని, విప్పి, కర్రలకు గుర్తులు వేసి, లారీలకెత్తి దేశం ఇటు చివరికి తెచ్చి నిలబెట్టారు. 1985లో మళ్లీ పరుగెత్తింది. 2018, 2019లో ప్రపంచంలోనే ఉత్తమ చెక్క కోస్టర్‌గా గోల్డెన్ టికెట్ అవార్డు గెలిచింది.

తొమ్మిదేళ్ల మావాడూ నేనూ లైన్లో నిలబడ్డాం. దిగి వచ్చి చూస్తే బాపు కంచె పక్కన కదలకుండా నిలబడి ఉన్నాడు. బండి పోతున్నప్పుడల్లా ఆ కర్రల గూడు ఊగుతోంది, కిర్రుమంటోంది. ఆయన చెవి అటే పెట్టాడు.

"విరగదా తాతా?" అన్నాడు మావాడు.

"విరగది. కర్ర మాట్లాడుతాంది. బాయిల మేం పెట్టిన కర్రదన్ను గూడ గిట్లనే కిర్రుమంటది. మీద బరువు వడ్డదని జెప్తది. జెప్పంగనే పక్కకు ఉరుకాలె. ఇనుపదైతే జెప్పది."

మా బాపు గోదావరిఖనిలో సింగరేణి బాయిలో టింబర్‌మెన్‌గా పనిచేశాడు. బొగ్గు తీసినచోట కప్పు కూలకుండా చెక్క దన్నులు పెట్టే పని. కోల్‌ఫిల్లర్లు తట్టా చెమ్మస్ పట్టుకుని లోపలికి రాకముందే వీళ్లు కప్పు చూసుకోవాలి. ఆయన ఆ దన్నుల కింద గడిపిన ఏళ్లతోనే నా ఇంజనీరింగ్ చదువు అయింది. మావాడికి మాత్రం, "తాత గవర్నమెంట్ కంపెనీలో చేసేవాడు" అని చెప్పి ఊరుకున్నాను. ఎందుకు చెప్పలేదంటే జవాబు లేదు. ఎప్పుడూ అవసరం రాలేదనిపించింది.

పార్కులో బొగ్గు మ్యూజియం

కెనోబెల్స్ ఉన్నది పెన్సిల్వేనియా బొగ్గు ప్రాంతంలో. ఇక్కడి ఆంత్రసైట్ గట్టి బొగ్గు, పొగ తక్కువ, వేడి ఎక్కువ. మన సింగరేణి బొగ్గు కంటే భిన్నమైనది. 1917లో ఈ ప్రాంతం నుంచి ఏడాదికి దాదాపు 10 కోట్ల టన్నులు తీశారు. ఆ తర్వాత ఆయిలు, గ్యాసు వచ్చి గనులు ఒక్కొక్కటీ మూతపడ్డాయి. పార్కుకు దగ్గర్లోనే సెంట్రేలియా అనే ఊరు ఉంది. 1962లో అక్కడి గనిలో అంటుకున్న నిప్పు ఇప్పటికీ భూమి కింద రగులుతూనే ఉంది. ఊరు దాదాపు ఖాళీ అయిపోయింది.

ఆ చరిత్రను మర్చిపోకుండా పార్కు లోపలే ఓ బొగ్గుగని మ్యూజియం పెట్టారు. చూడటానికి డబ్బులక్కర్లేదు. ఎండకు తట్టుకోలేక నీడ కోసం లోపలికి వెళ్లాం. పది నిమిషాల్లో వచ్చేద్దామనుకున్నాం. గంట పట్టింది.

బాపుకు ఇంగ్లిష్ రాదు. అక్కడ రాసినవేవీ చదవలేడు. చదవాల్సిన పని కూడా పడలేదు. దీపాల దగ్గర ఆగి, ఏ దీపం దేనికో మావాడికి చెప్పాడు. గాలి చెడితే దీపం మంట ఎట్లా మారుతుందో చెప్పాడు. మస్టర్ పడ్డాక బాయి దిగడం, షిఫ్టు అయ్యాక పైకొచ్చి మొదటిసారి ఎండ కళ్లలో పడటం, అన్నీ చెప్పాడు. మావాడు సగం తెలుగు, సగం ఇంగ్లిష్‌లో అడుగుతుంటే నేను మధ్యలో దుబాసీని.

"నీకు స్కేరీగా అనిపించలేదా తాతా?"

"మొదటి రోజు భయమైంది. నెలాఖరుకు జీతం జూశినంక తగ్గింది."

ఈ ప్రాంతంలో ఒకప్పుడు 'బ్రేకర్ బాయ్స్' అని ఉండేవాళ్లు. బొగ్గు జారే తొట్ల మీద వంగి కూర్చుని, రాళ్లు ఏరిపారేసే పిల్లలు. ఎనిమిది, తొమ్మిదేళ్ల వాళ్లు కూడా ఉండేవాళ్లు. 'నా ఏజ్ వాళ్లా?' అన్నాడు మావాడు. కాసేపు ఏం మాట్లాడలేదు.

ఆ గనుల్లో దిగినవాళ్లు ఎవరనుకున్నారు? వేల్స్, ఐర్లండ్, పోలండ్, లిథువేనియాల నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవాళ్లు. భాష రాదు, జీతంలోంచి ఇంటికి పంపాలి, పిల్లలు మాత్రం ఈ పనిలోకి రాకూడదు. సగం ప్రపంచం దాటొచ్చిన మన కథ కూడా అంతే కదా. కెనోబెల్స్‌కు తరతరాలుగా సెలవు రోజు వచ్చిందీ ఇలాంటి కార్మికుల కుటుంబాలే. జేబులో తక్కువుంటే ఒక్క రైడ్ ఎక్కి, ఇంటినుంచి తెచ్చుకున్నది తిని వెళ్లిపోవచ్చు.

వెళ్లాలనుకుంటే...

వేసవిలో దాదాపు రోజూ, వసంతంలో, శరదృతువులో ఎక్కువగా వారాంతాల్లో తెరుస్తారు. వేళలు, టికెట్ల ధరలు, నియమాలు ఏటా మారతాయి కాబట్టి బయల్దేరే ముందు పార్కు వెబ్‌సైట్ చూసుకోండి. కొన్ని రోజుల్లో ఎన్నిసార్లయినా ఎక్కే చేతిపట్టీ కూడా ఇస్తారు. పిల్లలు పదే పదే ఎక్కే రకమైతేనే అది లాభం. లేదంటే విడి టికెట్లే మేలు.

ఇంటి తిండి తీసుకెళ్లొచ్చు. చెట్ల కింద బల్లలు బోలెడు. వారాంతంలో అవి పొద్దున్నే నిండిపోతాయి, కాబట్టి పెందలాడే వెళ్లండి. శాకాహారులు అక్కడి పొటాటో కేకులు రుచి చూడొచ్చు, కానీ ఏ నూనెలో వేయిస్తున్నారో ముందే అడగండి. రైడ్ల దగ్గర ఎత్తు కొలత బోర్డులుంటాయి. మీ పిల్లలు దేనికి సరిపోతారో ముందే చూసుకుంటే లైన్లో ఏడుపులుండవు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను కొలను దగ్గరో, రాట్నం దగ్గరో కూర్చోబెట్టండి. రెండు చోట్లా కాలక్షేపానికి లోటుండదు. ఎండ తగ్గాక చిన్న రైలు ఎక్కితే అడవిలో తిప్పి తెస్తుంది. అది అందరూ కలిసి ఎక్కగలిగేది.

ఒక్క మాట. గేటు టికెట్ లేదు కదా అని ఖర్చే లేదనుకోవద్దు. పిల్లలు అడిగిందల్లా ఎక్కిస్తే సాయంత్రానికి బాగానే అవుతుంది. లోపలికి వెళ్లేముందే ఇన్ని టికెట్లు అని పిల్లలతో ఒప్పందం చేసుకోండి. మా పిల్లలు మొదటి గంటలోనే సగం అవగొట్టి, మిగిలినవి తాత చేతికిచ్చారు. ఆయన బేరం పెట్టి ఒక్కొక్కటే ఇచ్చాడు.

తిరుగు దారిలో పిల్లలిద్దరూ నిద్రపోయారు. ఇల్లు చేరేసరికి మన దగ్గర పొద్దున్నే. బాపు ఖనిలో ఉన్న దోస్తుకు ఫోన్ చేశాడు. అంతకుముందు ఏ రోజు చేసినా, "ఏమున్నదిరా, తింటున్నం, పంటున్నం" అని రెండు నిమిషాల్లో పెట్టేసేవాడు. ఆ రోజు బాల్కనీలో అటూ ఇటూ తిరుగుతూ చెబుతూనే ఉన్నాడు.

"అరే, అమెరికల బాయి జూశిన్రా. మనోడు అన్నీ అడిగిండు. అన్నీ జెప్పిన."

వచ్చే శనివారం ఎక్కడికని అడిగితే, ఈసారి సోఫాలోంచి ముందు లేచింది ఆయనే.