ఆటగాళ్లను వెతికే ఆటగాడు

హాకీ అనగానే మనకు పచ్చని మైదానం, ధ్యాన్‌చంద్ గుర్తుకొస్తారు. లేహ్‌లో కొన్నాళ్లు చదివి వచ్చిన మిత్రులకు మాత్రం ఇంకో హాకీ కూడా తెలుసు. చలికాలంలో గడ్డకట్టిన చెరువు మీద, కాళ్లకు స్కేట్లు కట్టుకుని ఆడే ఐస్ హాకీ అది. ఇందులో బంతి ఉండదు. పక్ అనే నల్లని గట్టి రబ్బరు బిళ్ల ఉంటుంది. ఒక్కో జట్టులో గోల్‌కీపరుతో కలిపి ఆరుగురు మంచు మీద ఉంటారు. 20 నిమిషాల చొప్పున మూడు భాగాలుగా ఆట సాగుతుంది. మన దేశంలో క్రికెట్ ఎలాగో, కెనడాలో ఈ ఆట అలాగ.

ఈ ఆటలో మొదట ఆటగాడిగా, తర్వాత స్కౌటుగా పేరు తెచ్చుకున్న జార్జ్ ఆర్మ్‌స్ట్రాంగ్ గురించి తెలుసుకుందాం. స్కౌటు అంటే మన బడిలో మెడకు స్కార్ఫు కట్టుకునే స్కౌటు కాదు. ఊరూరా తిరిగి కుర్రాళ్ల ఆట చూసి, వారిలో ఎవరు పెద్ద జట్టుకు పనికొస్తారో చెప్పే ఉద్యోగి.

ఆర్మ్‌స్ట్రాంగ్ 1930లో కెనడాలోని ఒంటారియోలో పుట్టారు. సడ్‌బరీ దగ్గర నికెల్ గనుల ఊరైన ఫాల్కన్‌బ్రిడ్జ్‌లో పెరిగారు. తండ్రి గని కార్మికుడు. తల్లి ఓజిబ్వే సంతతికి చెందినవారు. యూరప్ వాళ్లు రాకముందు నుంచీ గ్రేట్ లేక్స్ ప్రాంతంలో బతుకుతున్న ఆదివాసీలు ఓజిబ్వేలు. ఆరేళ్ల వయసులో ఆయనకు మెనింజైటిస్ అనే ప్రమాదకరమైన జబ్బు చేసింది. దాని నుంచి కోలుకుని ఆటలోకి వచ్చారు.

1947లో, పదిహేడేళ్ల వయసులో, స్ట్రాట్‌ఫర్డ్ అనే దూరపు ఊరి జూనియర్ జట్టులో చేరి, ఆ లీగులోనే ఉత్తమ ఆటగాడిగా నిలిచారు. కెనడాలో జూనియర్ ఆటగాళ్లు ఇల్లు విడిచి, తెలియని ఊళ్లో వేరే కుటుంబంతో ఉంటూ, అక్కడి బడిలో చదువుకుంటూ ఆడటం మామూలే. టి.సి. పట్టుకుని కొత్త తరగతిలో అడుగుపెట్టే మనకు ఆ మొదటి రోజు ఎలా ఉంటుందో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆయనకు ‘చీఫ్’ అనే పేరు పడింది. అంటే తెగ నాయకుడు. 1950లో ఆల్బర్టాలోని స్టోనీ ఆదివాసీలు ఈకల తలపాగా పెట్టి గౌరవించాక అది స్థిరపడింది. వాళ్లు ఇచ్చింది గౌరవం. కానీ ఆ రోజుల్లో చాలామంది ఆదివాసీ ఆటగాళ్లను బయటివాళ్లు అదే మాటతో పిలిచేవారు. పిలిచేవాళ్లకు సరదాగానే ఉంటుంది. అయితే మనిషి కంటే ముందు అతని జాతే కంటపడిందన్నమాట. కొత్తగా వచ్చినవాళ్లను ‘మద్రాసీ’, ‘బిహారీ’ అనడం మనమూ విన్నాం.

ఆర్మ్‌స్ట్రాంగ్ వేగంగా స్కేటింగ్ చేసేవారు కాదు. వేగమే కొలమానమైతే ఆయనకు చోటు దొరికేది కాదు. ఆయన బలం ఆటను ముందుగా పసిగట్టడంలో, మూలల్లో పెనుగులాడి పక్‌ను దక్కించుకోవడంలో ఉంది. టొరంటో మేపుల్ లీఫ్స్ జట్టుకు 1957 నుంచి 1969 వరకు ఆయనే కెప్టెన్. ఆ కాలంలో 1962, 1963, 1964, 1967లలో జట్టు స్టాన్లీ కప్ గెలిచింది. 1967 ఫైనల్ చివరి ఆటలో, ఒక నిమిషం కూడా మిగలనప్పుడు, మాంట్రియల్ జట్టు గోల్‌కీపరును పక్కకు తప్పించి అదనపు ఆటగాడిని దింపింది. ఖాళీ గోల్‌లోకి పక్‌ను పంపి 3–1తో గెలుపు ఖాయం చేసింది ఆర్మ్‌స్ట్రాంగే. ఆ జట్టు తరఫున ఆయన ఆడిన 1,187 ఆటలు నేటికీ రికార్డు.

1971లో ఆట మానేశాక, టొరంటో మార్ల్‌బరోస్ కుర్రాళ్లకు శిక్షణ ఇచ్చి 1973, 1975లలో మెమోరియల్ కప్ గెలిపించారు. 1978 నుంచి క్యుబెక్ నార్డిక్స్ జట్టుకు స్కౌటుగా పనిచేశారు. 1988లో మేపుల్ లీఫ్స్‌కు తిరిగొచ్చారు. ఆ సీజన్ మధ్యలో కోచ్ బాధ్యత మీద పడితే సీజన్ ముగిసేదాకా మోసి, మళ్లీ స్కౌటు పనికే వెళ్లిపోయారు.

ఏమిటా పని? చలికాలమంతా చిన్న ఊళ్ల ఐస్ రింకుల్లో కూర్చుని చూడటం. గోల్ కొట్టినవాడిని అందరూ చూస్తారు. పక్ దగ్గర లేనివాడు ఏం చేస్తున్నాడో స్కౌటు చూస్తారు. తప్పు చేశాక వెంటనే వెనక్కి పరుగెత్తాడా, సాటివాడి మీద విసుక్కున్నాడా? ఒక్క ఆటతో తేల్చరు, మళ్లీ వెళ్లి చూస్తారు. ఈ రోజు ఎలా ఆడాడన్నదే కాదు, ఐదేళ్ల తర్వాత ఎలా ఆడగలడన్నది కూడా అంచనా వేయాలి.

ఆర్మ్‌స్ట్రాంగ్ వేసుకున్న 10వ నంబరును 2016లో మేపుల్ లీఫ్స్ జట్టు ఇంకెవరికీ ఇవ్వకూడదని నిర్ణయించింది. 2021లో, తొంభయ్యో ఏట ఆయన కన్నుమూశారు.

వచ్చే ఏప్రిల్‌లో మన తరగతికి కొత్తవాళ్లు వస్తారు. ఏ రాష్ట్రమని అడిగే ముందు పేరు అడుగుదాం. తర్వాత స్కౌటులా కొన్నాళ్లు ఓపికగా చూద్దాం.