మూడు పేర్ల ఊళ్లున్న కొండసీమ

ఏటా బడిలో చేర్చే రోజుల్లో ప్రతి తల్లీ తండ్రీ అడిగే ప్రశ్న ఒకటుంది. ‘తెలుగులో చదివితే మావాడు ఇక్కడి భాషలో వెనకబడిపోడా మాస్టారూ?’ అని. జవాబు చెప్పడానికి ఈ మధ్య నేనొక కొండ ప్రాంతాన్ని అడ్డం పెట్టుకుంటున్నాను. దాని పేరు సౌత్ టిరోల్. ఇటలీకి ఉత్తరపు కొసన, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ సరిహద్దుల్లో ఆల్ప్స్ పర్వతాల మధ్య ఉన్న స్వయంపాలిత జిల్లా అది. ఏ వైపునా సముద్రం లేదు. వైశాల్యం 7,400 చదరపు కిలోమీటర్లు, జనం 5 లక్షల 30 వేలకు పైగా. మేం అక్కడికి వెళ్లింది అట్లాస్ మీదే. ఏడో తరగతి పిల్లలు, నేను, గోడకు తగిలించిన యూరప్ పటం. అయినా చూడాల్సినవి చాలానే చూశాం. స్తోమత ఉన్నవాళ్లు నిజంగానే వెళ్లి రావచ్చు.

సముద్రం లేని చోట సముద్రపు రాయి

ఇటలీలోని వెరోనా నుంచి ఉత్తరంగా వెళ్లే రైలు రెండు గంటల లోపే బోల్జానో చేరుస్తుంది. జిల్లాకు అదే ముఖ్యపట్టణం. 1867లో పూర్తయిన ఆ రైలుమార్గం అక్కడ ఆగదు. 1,370 మీటర్ల ఎత్తున ఉన్న బ్రెన్నర్ కనుమ దాటి ఆస్ట్రియాలోకి దిగుతుంది. లోయల నిండా ఆపిల్ తోటలు, వాలుల మీద ద్రాక్ష తోటలు, వాటి పైన డోలమైట్ శిఖరాలు కనిపిస్తాయి.

ఈ శిఖరాలను యునెస్కో 2009లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. సుమారు 20 నుంచి 25 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ వెచ్చని సముద్రం ఉండేది. దాని అడుగున పేరుకున్న గవ్వలు, పగడపు దిబ్బలే రాయిగా మారి, తర్వాత పైకి లేచి కొండలయ్యాయి. ఆ రాతిని పరిశీలించిన ఫ్రెంచి శాస్త్రవేత్త డోలొమ్యూ పేరే రాతికీ, కొండలకూ వచ్చింది. ఖమ్మం జిల్లా మాదారం గని నుంచి విశాఖ ఉక్కు కర్మాగారానికి వెళ్లే డోలమైట్ పేరు కూడా ఆయనదే. ఈ సంగతి చెబితే పిల్లలకు ఆల్ప్స్ పర్వతాలు కాస్త దగ్గరవుతాయి.

సాయంత్రం ఎండ పడితే ఈ లేత రంగు రాళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. దానికో కథ ఉంది. లౌరిన్ అనే మరుగుజ్జు రాజుకు కొండ మీద గులాబీ తోట ఉండేదట. శత్రువులకు చిక్కినప్పుడు ఆ తోట పగలూ కనబడకూడదు, రాత్రీ కనబడకూడదు అని శపించాడట. సందెవేళను మాత్రం మరిచిపోయాడు. అందుకే ఆ కాసేపు గులాబీలు కనిపిస్తాయని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. పగలు కాకుండా, రాత్రి కాకుండా అన్న మాట వినగానే మా పిల్లలు ‘హిరణ్యకశిపుడి వరంలా ఉంది సార్’ అన్నారు.

మంచు మనిషి, మునిగిన ఊరు

బోల్జానో మ్యూజియంలో ‘ఓట్సీ’ ఉన్నాడు. 1991 సెప్టెంబరు 19న ఇద్దరు జర్మన్ పర్వతయాత్రికులు 3,210 మీటర్ల ఎత్తున కరుగుతున్న మంచులో ఒక శవాన్ని చూశారు. ఈ మధ్య చనిపోయిన యాత్రికుడే అనుకున్నారు. తీరా చూస్తే 5 వేల ఏళ్లకు పైబడిన మనిషి. పక్కనే రాగి గొడ్డలి, ఒంటి మీద 61 పచ్చబొట్లు. భుజంలో బాణపు మొన ఉందని పదేళ్ల తర్వాత ఎక్స్‌రేలో తేలింది. దొరికిన చోటు ఆస్ట్రియాదా, ఇటలీదా అని కొలిస్తే, ఇటలీ వైపు 92 మీటర్లు లోపలికి ఉందని తెలిసింది. ఇప్పుడు మైనస్ 6 డిగ్రీల చలిగదిలో ఉంచి చిన్న కిటికీలోంచి చూపిస్తారు.

పడమటి కొసన రెషెన్ సరస్సు నీళ్ల మధ్య ఒక చర్చి గంటస్తంభం ఒంటరిగా నిలబడి ఉంటుంది. కరెంటు కోసం కట్టిన జలాశయంలో 1950లో గ్రౌన్ అనే ఊరు మునిగిపోయింది. 14వ శతాబ్దపు ఆ స్తంభం ఒక్కటే మిగిలింది. శ్రీశైలం నీళ్లు తగ్గినప్పుడు బయటపడే సంగమేశ్వరం గుడిని చూసినవాళ్లకు ఆ దృశ్యం ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు.

బోల్జానో నుంచి రోప్‌వేలో రిట్టెన్ కొండ ఎక్కితే, పైన 1907 నుంచి నడుస్తున్న చిన్న రైలు ఉంది. దగ్గర్లోనే మట్టి స్తంభాలు. ఒక్కోదాని నెత్తిన ఒక బండరాయి గొడుగులా ఉంటుంది. ఆ రాయి ఉన్నన్నాళ్లు వాన కింద మట్టిని కోయలేదు. రాయి పడిపోతే స్తంభమూ కరిగిపోతుంది. నేలకోత పాఠానికి ఇంతకంటే మంచి బొమ్మ దొరకదు. నడిచే ఓపిక ఉంటే 56 చదరపు కిలోమీటర్ల ‘సైసెర్ ఆల్మ్’ పచ్చికబయలు ఉంది. యూరప్‌లో అంత ఎత్తున అంత పెద్ద పచ్చిక మరొకటి లేదంటారు. ఎవరెస్టును 1978లో సహచరుడు పీటర్ హాబెలర్‌తో కలిసి ఆక్సిజన్ సిలిండర్ లేకుండా ఎక్కిన రైన్‌హోల్డ్ మెస్నర్ ఈ జిల్లావాడే. పర్వతాల మీద ఆయన పెట్టిన మ్యూజియాలు కూడా చూడదగ్గవి.

బోర్డు మీది పేర్లు

ఇవన్నీ చూశాక పిల్లలు పట్టుకున్నది మాత్రం వేరే. రైల్వే స్టేషన్ ఫొటోలో బోర్డు మీద రెండు పేర్లున్నాయి: ఇటాలియన్‌లో బోల్జానో, జర్మన్‌లో బోట్సెన్. తూర్పు లోయల్లోకి వెళ్తే మూడో పేరు చేరుతుంది. చెక్క బొమ్మలకు పేరుపడ్డ ఒక ఊరు ఇటాలియన్లకు ఓర్తిసేయి, జర్మన్లకు సాంక్ట్ ఉల్రిఖ్, సొంత మనుషులకు ఉర్తిజెయ్. ఆ మూడో భాష లదీన్. 2011 లెక్కల ప్రకారం జిల్లాలో జర్మన్‌వారు నూటికి 69 మంది, ఇటాలియన్‌వారు 26 మంది, లదీన్‌వారు నలుగురైదుగురు. అంటే లదీన్ మాట్లాడేవారు 20 వేల చిల్లర.

ఈ బోర్డులు ఊరికే రాలేదు. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత 1919 ఒప్పందంతో ఈ సీమ ఆస్ట్రియా నుంచి ఇటలీ చేతికి వచ్చింది. ముస్సోలినీ ప్రభుత్వం ఊళ్ల పేర్లు మార్చేసింది. 1923 చట్టంతో బడుల్లోంచి జర్మన్‌ను దశలవారీగా తీసేసింది. అప్పుడు మిఖాయెల్ గాంపర్ అనే మతగురువు పిలుపుతో ఇళ్లల్లో, గడ్డివాముల గదుల్లో, వంటిళ్లలో రహస్య బడులు మొదలయ్యాయి. రోమన్ల కాలంలో క్రైస్తవులు దాక్కున్న నేలమాళిగలను తలుచుకుని వాటిని ‘కాటకోంబ్ బడులు’ అన్నారు. పాఠాలు చెప్పినవారిలో ఎక్కువమంది పల్లెటూరి యువతులు. ఆంగెలా నికోలెట్టి అనే ఆవిడను 1927లో జైల్లో పెట్టారు, ఊరి నుంచి వెళ్లగొట్టారు. జబ్బుపడి 1930లో పాతికేళ్లకే చనిపోయింది. ఆమె చేసిన నేరం పిల్లలకు వాళ్ల భాషలో చదవడం, రాయడం నేర్పడమే.

1939లో హిట్లర్, ముస్సోలినీ కలిసి మరో మెలిక పెట్టారు. భాష కావాలంటే జర్మనీకి వెళ్లిపోండి, ఊరు కావాలంటే భాష వదలండి అన్నారు. దాదాపు 75 వేల మంది ఊళ్లు విడిచారు. యుద్ధం ముగిశాక 1946లో ఇటలీ, ఆస్ట్రియా ఒప్పందం కుదుర్చుకున్నాయి. అది సరిగా అమలు కాలేదని ఆందోళనలు, బాంబు పేలుళ్లు, ఐక్యరాజ్యసమితిలో చర్చలు జరిగాయి. 1972లో వచ్చిన రెండో స్వయంపాలన చట్టంతో పరిస్థితి కుదుటపడింది.

బడి ఎలా నడుస్తుంది?

ఆ చట్టంలోని 19వ అధికరణం మన టీచర్లు చదవదగ్గది. పిల్లవాడి మాతృభాషలోనే చదువు, చెప్పే టీచరుకూ అదే మాతృభాష అయి ఉండాలి. ప్రాథమిక దశ నుంచే రెండో భాష తప్పనిసరి. దాన్ని చెప్పే టీచరుకు ఆ రెండో భాష మాతృభాష అయి ఉండాలి. అంటే జర్మన్ బడిలో ఇటాలియన్ చెప్పేది ఇటాలియన్ ఇంట పుట్టినవారే. టీచర్ల శిక్షణకు 1997లో పెట్టిన విశ్వవిద్యాలయం ఉంది. అందులో లదీన్ టీచర్లకు ప్రత్యేక విభాగం ఉంది.

లదీన్ లోయల బడులు ఇంకో పద్ధతి. సగం పాఠాలు జర్మన్‌లో, సగం ఇటాలియన్‌లో. లదీన్‌కు విడిగా వారానికి కొద్ది గంటలే. చిన్న తరగతుల్లో ఒక్కో భాషకు ఒక్కో రంగు గుర్తు పెట్టి, పిల్లలు కలగాపులగం చేసుకోకుండా నేర్పుతారు. బడి నుంచి బయటికి వచ్చేసరికి రెండు పెద్ద భాషలూ చేతిలో ఉంటాయి. మరి లదీన్ ఎలా నిలుస్తోంది? ఇంట్లో, వీధిలో, అంగట్లో మాట్లాడుకోవడం వల్ల. బడి ఇచ్చే కొద్ది గంటలకు ఇల్లు తోడవుతోంది. పక్కనున్న బెల్లూనో జిల్లాలోనూ లదీన్‌వారున్నారు, కానీ ఇలాంటి బడి ఏర్పాట్లు వారికి లేవు.

అక్కడ అంతా బాగుందనీ కాదు. జర్మన్ బడి, ఇటాలియన్ బడి వేర్వేరు కావడంతో ఒకే ఊరి పిల్లలు కలవకుండానే పెద్దవుతున్నారన్న విమర్శ ఉంది. రెండు భాషల ఉమ్మడి తరగతులు కావాలని అడిగే తల్లిదండ్రులూ ఉన్నారు. పైగా ఆ జిల్లా పన్నుల్లో పదింట తొమ్మిది వంతులు అక్కడే ఖర్చవుతాయి. మన బడులకు అలాంటి ఖజానా లేదు. మనకున్నది 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350ఎ అధికరణం. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకు తగిన సౌకర్యాలు కల్పించడానికి ప్రయత్నించాలని అది రాష్ట్రాలకు చెబుతుంది. ఆ ప్రయత్నం జరిగేలా అడగాల్సింది మనమే.

అందుకే తల్లిదండ్రులకు నేను చెప్పే జవాబు ఇది. తెలుగు చదివినందువల్ల ఇక్కడి భాష రాకుండా పోదు, ఇక్కడి భాషకు మంచి టీచరు లేకపోతే రాదు. కాబట్టి తెలుగు టీచరును అడిగినంత గట్టిగా ఒడియా, కన్నడ, తమిళ, మరాఠీ చెప్పే మంచి టీచరును కూడా అడగండి. ఇంట్లో మాత్రం తెలుగు మానకండి.

వెళ్లాలనుకునేవారికి

షెంగెన్ వీసా కావాలి. కొండల్లో నడవడానికి జూన్ నుంచి సెప్టెంబరు వరకు అనువు. మంచు కావాలంటే డిసెంబరు తర్వాత. చాలా బసల్లో దిగినవారికి గెస్ట్ పాస్ ఇస్తారు, దానితో జిల్లా అంతటా బస్సులు, లోకల్ రైళ్లు ఉచితం. శాకాహారులకు పాలకూర, జున్ను కూరిన ‘ష్లుట్స్‌క్రాప్‌ఫెన్’ దొరుకుతుంది. ఆకారం అచ్చం మన కజ్జికాయే, కానీ వేయించరు, నీళ్లలో ఉడికిస్తారు.

వెళ్లలేనివారు మా తరగతిలో చేసినట్టు చేయవచ్చు. ప్రయాణం ముగిశాక పిల్లలందరికీ ఒక్కో అట్టముక్క ఇచ్చాను. మన ఊరి పేరు తెలుగులో, రాష్ట్ర భాషలో, ఇంగ్లిషులో రాసి, ఇంట్లో తాతమ్మలు ఏ పేరుతో పిలుస్తారో అడిగి అదీ రాసుకురమ్మన్నాను. మర్నాడు కొన్ని అట్టల మీద నాలుగు పేర్లున్నాయి. ఇప్పుడవి మా తరగతి తలుపు మీద ఉన్నాయి.