పందెము కాని ప్రయాణము

ఆనందపురము విశాఖపట్టణమునకు ఉత్తరమున జాతీయ రహదారిపై నున్న కూడలి. అచ్చటినుండి తగరపువలస మీదుగా శ్రీకాకుళమునకు సాగు దారిలో ఎండయు, ఎదురుగాలియు సైకిలు తొక్కువారి ఓర్పును పరీక్షించును. ఇట్టి దీర్ఘయాత్రలకు 'బ్రెవే' అని పేరు. ఫ్రెంచి భాషలో ఈ మాటకు యోగ్యతాపత్రమని యర్థము. ఇది పందెము కాదు. 200 కిలోమీటర్లను 13 గంటల 30 నిమిషములలో ముగించినవారెల్లరును సమానులే.

1897లో ఇటలీ దేశమున పన్నెండుగురు రోమునుండి నేపుల్సునకు 230 కిలోమీటర్లు ఒక్క పగటిలో చేర బయలుదేరిరి. ఈ యాత్రలకు మూలమదియే.

గడువును లెక్కించి చూడుడు. గంటకు 20 కిలోమీటర్ల చొప్పున సాగినచో తొక్కుటకు 10 గంటలు పట్టును. మూడున్నర గంటలు మిగులును. భోజనము, విశ్రాంతి, చక్రమును బాగుచేసికొనుట ఆ మిగులులోనే జరుగవలెను. కావున ఆరంభమున ఉరికి పిదప డస్సిపోవుటకంటె ఒక్కతీరున సాగుట మేలు.

సాధనయు అట్లే క్రమముగా జరుగవలెను. మొదట 30 కిలోమీటర్లతో నారంభించి వారవారము కొంత పెంచవలెను. పంక్చరు వేయుట ఇంటివద్దనే నేర్వవలెను. ఉదయము 6 గంటలకు బయలుదేరినవారి గడువు రాత్రి 7:30కు ముగియును; కనుక దీపములు తప్పనిసరి. శిరస్త్రాణమును మరువరాదు. చెమటతో నీరే గాక ఉప్పును పోవును. ఉప్పు కలిపిన మజ్జిగ మేలుచేయును.

కన్నులు తిరిగి, కాళ్లు వణకినపుడు ఆగుట పరాజయము కాదు. తన శక్తిని తానెరుగుటయే ఈ యాత్ర నేర్పు పాఠము.