తెల్లకాగితమునకు సంక్షేపలిపి

ఫ్యాక్సు యంత్రము తనకందిన కాగితమును సన్నని అడ్డవరుసలుగా విభజించి, ఒక్కొక్క వరుసలోని 1728 బిందువులను పరికించి, ప్రతి బిందువు తెలుపో నలుపో నిర్ణయించును. ఎ4 పుటకు ఇట్టి బిందువులు ఇంచుమించు 20 లక్షలు. వీనిని బిందువునకొక బిట్టు చొప్పున, సెకనుకు 9600 బిట్లు పోగల టెలిఫోను తీగపై పంపినచో, మూడు నిమిషములకు పైగా పట్టును. ఆ కాలములో అధికభాగము ఏ అక్షరమును లేని చోటును వర్ణించుటకే వ్యయమగును.

ఇందులకై 1980లో ఏర్పడిన అంతర్జాతీయ నియమావళి, బిందువులను గాక వాని బారులను లెక్కింపుమన్నది. తెల్లనివి ఎన్ని, ఆపై నల్లనివి ఎన్ని, మరల తెల్లనివి ఎన్ని అని సంఖ్యలు చెప్పిన చాలును. రంగును పేర్కొననే అక్కరలేదు. ఏలయన ప్రతి వరుసయు తెలుపుతోనే ఆరంభమగునని ఇరుయంత్రములకును ఒడంబడిక కలదు. వరుస నలుపుతో మొదలైనచో, ముందుగా సున్న తెలుపులని చెప్పి సాగిపోవును. ఈ ఏర్పాటులోని నేర్పు నాకు మిక్కిలి ముచ్చట గొల్పును.

అయితే ఆ సంఖ్యలను వ్రాయుటయందును పొదుపు కలదు. 1951లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో, కడపటి పరీక్షకు బదులు ఒక వ్యాసము వ్రాయవచ్చునని ఆచార్య రాబర్ట్ ఫానో అనుమతింపగా, డేవిడ్ హఫ్‌మన్ అను విద్యార్థి, మిక్కిలి అరుదుగా వచ్చు రెండు గుర్తులను జతపరచి ఒకటిగా నెంచి, దానిని మిగిలినవానితో చేర్చి మరల అట్లే జతపరచుచు, అడుగు నుండి పైకి సంకేతవృక్షమును నిర్మించు పద్ధతిని కనుగొనెను. తరచుగా వచ్చు గుర్తునకు పొట్టి సంకేతము, అరుదైనదానికి పొడవు సంకేతము లభించును. పైగా ఏ సంకేతమును వేరొకదానికి ఆదిభాగము కానేరదు గనుక, నడుమ విరామచిహ్నము లేకున్నను చదువువానికి సందేహము కలుగదు. ఆచార్యుని పద్ధతికి సైతము దక్కని శ్రేష్ఠత్వము ఈ విద్యార్థి పద్ధతికి దక్కినది.

ఫ్యాక్సు సంకేతపట్టికలో ఈ న్యాయము స్పష్టముగా గోచరించును. అక్షరపు గీత మందము సాధారణముగా రెండు మూడు బిందువులే గనుక, రెండు నల్లబిందువులకు 11 అనియు, మూటికి 10 అనియు రెండేసి బిట్లు చాలును; రెండు తెల్లబిందువులు మాత్రమే కలిసివచ్చుట అంత తరచు గాదు గనుక దానికి 0111 అని నాలుగు కావలెను. వ్రాతయే లేని వరుసకు 1728ని సూచించు 010011011 అను సంకేతమును, బారు ముగిసినదను 00110101 అను సంకేతమును కలిసి 17 బిట్లతో సరి. వరుస ముగింపు గుర్తునకు వేరుగా 12.

ఈ పట్టిక వ్రాతపుటల స్వభావమును అనుసరించి కట్టినదగుటచే, చుక్కలతో అచ్చైన ఛాయాచిత్రము ఎదురైనప్పుడు దీని లాభమంతయు తారుమారగును. తెలుపొకటి నలుపొకటిగా మారుచు పోవు వరుసలో, ఒంటి తెలుపునకు ఆరు, ఒంటి నలుపునకు మూడు చొప్పున 1728 బిందువులకు 7776 బిట్లగును. ఏ సంక్షేపమును లేక పంపినదానికి ఇది నాలుగున్నర రెట్లు.