వేగానికి వెల కట్టేదెవరు?

కలైకుండా వైమానిక స్థావరం పక్కనే ఉన్నా, మా ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో జెట్‌ల మోత ఎవరికీ వింత కాదు. అయితే డేవిడ్ లీన్ తీసిన పాత సినిమా ‘ది సౌండ్ బారియర్’ (1952) ఇక్కడి తెలుగు మిత్రులతో కలిసి చూశాక పెద్ద వాదనే జరిగింది.

రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దాయన సినిమాను కొట్టిపారేశారు. ధ్వనివేగం దగ్గర కంట్రోళ్లు తారుమారవుతాయనడం అబద్ధమన్నారు. నిజమే. 1947 అక్టోబరు 14న అమెరికన్ పైలట్ చక్ యేగర్ సాధించిన ఘనతను సినిమా బ్రిటన్‌కు కట్టబెట్టిందన్నదీ నిజమే.

టెస్ట్ పైలట్ భర్తను పోగొట్టుకున్న ఆ ఇల్లాలి దుఃఖంలో మాత్రం అబద్ధమేమీ లేదన్నారు ఆయన భార్య. నేను ఆమె పక్షమే. 1946లో జెఫ్రీ డి హావిలాండ్ ఇలాంటి పరీక్షలోనే చనిపోయారు.

మనకూ అలాంటి కథ ఉంది. 1961లో మన తొలి స్వదేశీ జెట్ యుద్ధవిమానం హెచ్‌ఎఫ్-24 మారుత్‌ను మొదటిసారి ఎగరేసింది సురంజన్ దాస్. దానికి తగినంత శక్తిగల ఇంజిన్ చివరిదాకా దొరకలేదు. ఆ లోటు తీర్చేందుకు ఆఫ్టర్‌బర్నర్ అమర్చిన నమూనాను పరీక్షిస్తూ 1970 జనవరి 10న బెంగళూరులో ఆయన కన్నుమూశారు. అక్కడ ఒక రోడ్డుకు ఆయన పేరుంది.

తేజస్‌కూ ఇంజిన్ విదేశాల నుంచే రావాలి. ఇంజిన్ విషయంలో మనం చేసే జాప్యానికి మూల్యం ఖజానా ఒక్కటే చెల్లించదు.