వినువాడు లేని ధ్వని

వేసవి సెలవులు. పాఠశాల మూసియున్నది. గంటగా వ్రేలాడగట్టిన రైలుపట్టా ముక్కపై ఎండుకొమ్మ యొకటి విరిగిపడినది. ఆవరణలో మనిషి లేడు, పశువు లేదు, పక్షియైన లేదు. గంట మ్రోగినదా, మ్రోగలేదా?

తరగతిలో ఈ ప్రశ్న వేసినచో విద్యార్థులు రెండు పక్షములుగా చీలుదురు. “కొమ్మ తగిలిన తరువాత మ్రోగకుండునా?” అని కొందరు; “విన్నవాడు లేనిదే ధ్వని యెక్కడిది?” అని కొందరు. దీనికి దగ్గరి చుట్టమైన ప్రశ్నపై మన దర్శనకారులు శతాబ్దముల తరబడి వాదించిరి.

మీమాంసకుల మతమున శబ్దము నిత్యము. ఉచ్చారణము దానిని వెల్లడించునే గాని పుట్టింపదు. చీకటిగదిలోని కుండ దీపము వెలిగించినపుడు కనబడును. అప్పుడు పుట్టదు గదా! నైయాయికులు దీని నంగీకరింపలేదు. భేరిని కఱ్ఱ తాకినను, వెదురు చీలినను శబ్దము పుట్టును, పుట్టినది నశించును. నీటిలో అల వెంట అల లేచినట్లు ఒక శబ్దము మఱియొక శబ్దమును పుట్టించుచు చెవిని చేరును. దీనినే వీచీతరంగన్యాయ మందురు. చెవిలో పుట్టిన కడపటి శబ్దమే మనకు వినబడును. దానికి ముందటి వెవ్వరికిని వినబడవు; అయినను అవియు శబ్దములే.

తర్కసంగ్రహకర్త, 17వ శతాబ్దపు ఆంధ్రుడు అన్నంభట్టు శబ్దమును చెవికి గ్రాహ్యమైన గుణముగా నిర్వచించెను. ఇచట పదమును పరికింపవలెను. గ్రాహ్యమనగా గ్రహింపదగినది, గృహీతమనగా గ్రహింపబడినది. నిర్వచనము కోరునది మొదటిదే. ప్రత్యయభేద మొక్కటి తరగతిలోని తగవును తీర్చుచున్నది.

నైయాయికులు శబ్దమును ఆకాశగుణ మనిరి. ఈ అంశమును తరువాతి పరిశోధన సవరించినది. రాబర్టు బాయిల్ 1660లో ప్రకటించిన ప్రయోగములలో, గడియారమును గాజుపాత్రలో వ్రేలాడదీసి గాలిని తోడివేయగా దాని చప్పుడు వినరాకపోయెను. చెవి యున్నను గాలి లేనిచో ధ్వని చేరదు. ధ్వని పుట్టుకకు కావలసినది కంపించు వస్తువు, దాని కంపనమును మోయు పదార్థము, శ్రోత కాదు.

చెవికి హద్దులును కలవు. సెకనుకు సుమారు 20 మొదలు 20,000 వఱకు గల కంపనములే మనిషికి వినబడును. గబ్బిలములు నిశ్శబ్దముగ నెగురునని లోకము చిరకాలము తలచెను. 1938లో హార్వర్డు విశ్వవిద్యాలయమున గ్రిఫిన్, పియర్సులు యంత్రసాయమున పరీక్షింపగా, అవి మన చెవి కందని కూతలు కూయుచున్నవని తేలెను. నిశ్శబ్దమనుకొన్న రాత్రి నిజమునకు శబ్దమయము!

కావున సెలవునాటి గంట మ్రోగినది. అది గ్రాహ్యము, గృహీతము కాలేదు.

తరగతి గదిలోను ఈ భేదమే కలదు. “నేను చెప్పితిని” అన్నంత మాత్రమున ఉపాధ్యాయుని పని తీరదు. చెప్పిన పాఠము గ్రాహ్యము మాత్రమే. విద్యార్థి యందు అది గృహీతము కావలెను. అట్లే వెనుకబల్లపై మౌనముగ కూర్చున్న బాలునిలో ఏమియు లేదని తీర్మానింపరాదు. మనకు వినబడనంతనే లేదనుట గబ్బిలముల విషయమున లోకము చేసిన పొరపాటే.